వాల్తేరు వదిలిన విశ్వవిద్యాలయం: యుద్ధకాలంలో పరీక్ష, ఫీజు

(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం, విశాఖపట్నం)

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు తలచుకున్నప్పుడల్లా ‘కవిత్వతత్త్వ విచారము’ గురించి మాట్లాడుకుంటాం. అది న్యాయమే. ఈ రోజు మాత్రం ఆయన వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలం నుంచి ఒక్క ఘట్టం తీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని మన కాలపు చిక్కు ఒకటి విప్పి చూడాలనుకుంటున్నాను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినప్పుడు తొలి వైస్ చాన్సలర్ ఆయనే. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా రాజీనామా చేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి తర్వాత 1936లో మళ్లీ ఆ బాధ్యత తీసుకుని 1949 దాకా మోశారు. రెండో ప్రపంచయుద్ధం మొదలైననాటి నుంచి ముగిసేదాకా విశ్వవిద్యాలయాన్ని నడిపింది ఆయనే.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. అదే రోజు కాకినాడనూ వదల్లేదు. 1933లో తెరిచిన రేవు, 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం ఈ ఊరికి కూడు పెట్టినవి. ఊరిని శత్రువుకు గురి చేసినవీ అవే. జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు తరలిపోయారు. వాల్తేరు మెట్ట మీది విశ్వవిద్యాలయ భవనాలు సైన్యం వాడకానికి పోయాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది, యుద్ధం చల్లబడ్డాక తిరిగి వాల్తేరు చేరింది. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. గుంటూరు ప్రయాణానికి మాత్రం ఈ ఊళ్లో ఏ గుర్తూ లేదు. నా దృష్టిలో ఆ బాంబు కంటే మనం గుర్తుంచుకోవలసింది ఆ ప్రయాణమే.

గుంటూరులో కూర్చుని చదివిన విద్యార్థి ఏ విశ్వవిద్యాలయం విద్యార్థి? ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థే. ఊరు మారింది, గది మారింది, ప్రయోగశాల మారింది. పట్టా మీద పేరు మారలేదు. నువ్వు వాల్తేరులో చేరావు, గుంటూరులో చదివావు కనుక నీ చదువు చెల్లదని ఆ పట్టభద్రులతో ఎవరూ అనలేదు. ఇది చిన్న విషయంలా వినిపిస్తుంది గాని, దీని లోపల ఒక తేడా దాగుంది. విశ్వవిద్యాలయం రాసుకునే నియమాల్లో రెండు జాతులుంటాయి. విద్యార్థికి ఏం తెలియాలి అని చెప్పేవి ఒక జాతి. ఎక్కడ కూర్చోవాలి, ఏ తేదీకి రాయాలి, ఎవరికి ఎంత కట్టాలి అని చెప్పేవి రెండో జాతి. మొదటిది ప్రమాణం, రెండోది షరతు. శాంతికాలంలో రెండూ కలిసిమెలిసి నడుస్తాయి కాబట్టి తేడా కంటికి ఆనదు. యుద్ధం వచ్చినప్పుడు వాటిని విడదీయక తప్పదు. నేను చెప్పదలిచింది ఇంతే: యుద్ధకాలంలో ప్రమాణం అంగుళం కూడా కదలకూడదు, షరతులు మాత్రం తప్పకుండా కదలాలి, ఆ కదలిక ఎలా ఉంటుందో యుద్ధానికి ముందే రాసి ఉంచాలి. మన సంస్థలు చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తున్నాయి. షరతును ప్రమాణమని భ్రమించి పట్టుకుంటున్నాయి, ఆ పట్టుదలకయ్యే ఖర్చును విద్యార్థి నెత్తిన పెడుతున్నాయి.

ఇటీవలి ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. అప్పటికి అక్కడ 18 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు, ఎక్కువ మంది వైద్యం చదివేవాళ్లే. ఆపరేషన్ గంగ పేరుతో 90 విమానాల్లో సుమారు 22,500 మందిని మన ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. అది గొప్ప పని. వచ్చినవారిలో రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు విశాఖలో సగం జవాబు చరిత్రలో దొరుకుతుంది. ఈ ఊరి ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. మన బీచ్‌లో నిలిచిన కుర్సురా జలాంతర్గామి సోవియట్ నిర్మాణం. ఇక్కడి యువకులు చదువుకోసం మాస్కో, కీవ్, ఖార్కివ్‌ల వైపు చూడటం ఆనాటి స్నేహం తెరిచిన దారిలోనే. మిగతా సగం జవాబు లెక్కల్లో ఉంది. 2021 నీట్‌లో అర్హత పొందినవారు 8 లక్షల 70 వేల మంది. దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు సుమారు 90 వేలు మాత్రమే. 2023లో మన రాష్ట్రంలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తెరిచిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కూడా బీ కేటగిరీ సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై కోటా సీటుకు 20 లక్షలు పెట్టారు. ప్రభుత్వ బోర్డు కిందే ధర అలా ఉంటే, చిన్న రైతు, గుమాస్తా, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనివాడు తన బిడ్డను ఎక్కడికి పంపగలడు?

తిరిగొచ్చిన పిల్లలకు ఎదురైన నియమాలు చూడండి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ వైద్యవిద్య కనీసం 54 నెలలు సాగాలి, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఇదంతా ఒకే సంస్థలో జరగాలి. దొంగ కాలేజీలను, అంచెలంచెలుగా సాగే బేరాలను ఆపడానికి పెట్టిన నిబంధన అది, ఉద్దేశం మంచిదే. కానీ ఖార్కివ్ కాలేజీ ఆసుపత్రి చుట్టూ క్షిపణులు పడుతుంటే ‘ఒకే సంస్థ’ అన్న మాటకు అర్థమేమిటి? యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ ఆ విషయంలో మనకంటే ముందు కదిలింది. అక్కడ మూడో ఏడాది తర్వాత రాయవలసిన క్రోక్-1 పరీక్షను మరుసటి విద్యాసంవత్సరానికి వాయిదా వేసింది, చివరి ఏడాది క్రోక్-2 ఆ సంవత్సరానికి అక్కరలేదంది. మన కమిషన్ 2022 మార్చి 4న ఒక మంచి ఆదేశం ఇచ్చింది. యుద్ధం వల్ల ఇంటర్న్‌షిప్ ఆగినవారు ఇక్కడ పూర్తి చేయవచ్చని, అందుకు కాలేజీలు ఫీజు వసూలు చేయరాదని, ఇక్కడి విద్యార్థులతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలని చెప్పింది. ఇంటర్న్‌షిప్ దాకా వచ్చినవారికి అది ఊరట. మధ్య సంవత్సరాల్లో ఉన్నవారి గురించి అందులో మాట లేదు. ఆరు నెలలు గడిచాక సెప్టెంబరు 6న, వేరే దేశపు విశ్వవిద్యాలయంలో చదివినా పట్టా మాతృసంస్థే ఇస్తే అభ్యంతరం లేదని కమిషన్ ప్రకటించింది. గమనించారా, ఇది అక్షరాలా గుంటూరు సూత్రం. కూర్చున్న చోటు వేరు, విశ్వవిద్యాలయం అదే. 1942లో ఈ ఊరి విశ్వవిద్యాలయం ఆచరించి చూపినదాన్ని గుర్తించడానికి 2022లో దేశానికి అర్ధ సంవత్సరం పట్టింది. ఆ అర్ధ సంవత్సరం ఒక సెమిస్టరు.

చివరి ఏడాది వాళ్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 మార్చి 28న కేంద్రం అక్కడ ఒక ఏర్పాటు చెప్పింది. మన కాలేజీల్లో చేరకుండానే ఎంబీబీఎస్ చివరి పరీక్ష మొదటి భాగం, రెండో భాగం మన సిలబస్ ప్రకారం రాసుకోవచ్చు. రాత పరీక్ష కేంద్రీకృతంగా జరుగుతుంది, ప్రాక్టికల్స్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పెడతారు. నెగ్గినవారు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఈ వెసులుబాటు ఒక్కసారికే. ఇందులో పరీక్ష గురించిన ఆలోచన సరైనది. సీటు ఇవ్వలేదు, మార్కులు కలపలేదు, ప్రమాణం తగ్గించలేదు. నీకు తెలుసా లేదా అన్నదే అడిగింది. నా ఫిర్యాదు రెండింటి మీద. ఇది యుద్ధం మొదలైన పదమూడు నెలలకు వచ్చింది. రెండో ఏడాది, మూడో ఏడాది వాళ్లకు రాలేదు.

ఇక్కడే స్థాననిర్ణయ పరీక్ష ప్రస్తావన తేవాలి. ప్లేస్‌మెంట్ అనగానే మన పిల్లలకు క్యాంపస్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. నేనంటున్నది అది కాదు. చదువు మధ్యలో తెగిన విద్యార్థికి ఎంత వచ్చో చూసి, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష. యుద్ధం ఈ పరీక్షకు కన్నతల్లి అనవచ్చు. 1942లోనే, మనం గుంటూరుకు మూటలు కట్టుకుంటున్న ఏడాదే, అమెరికాలో హైస్కూలు చదువు వదిలి సైన్యంలో చేరినవారి కోసం సాధారణ విద్యా వికాస పరీక్షలు తయారుచేశారు. జీఈడీ అన్న పేరుతో అవి ఈనాటికీ నడుస్తున్నాయి. బడిలో ఎన్ని రోజులు కూర్చున్నావన్నది ఆ పరీక్షకు అనవసరం, ఎంత తెలుసన్నదే అవసరం. మనం అలా చేసి ఉంటే ఏమయ్యేది? రెండో ఏడాది మధ్యలో వచ్చిన విద్యార్థికి శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, జీవ రసాయన శాస్త్రం మూడింట్లో పరీక్ష పెట్టి, నెగ్గినవాటికి మన కమిషన్ ముద్ర వేసిన పత్రం చేతికిచ్చి ఉంటే, వాళ్లు జార్జియాకో ఉజ్బెకిస్తాన్‌కో వెళ్లినప్పుడు ఆ పత్రం వాళ్ల తరఫున మాట్లాడేది. ఒక్క సమర్‌ఖండ్ వైద్య విశ్వవిద్యాలయమే వెయ్యికి పైగా భారతీయ విద్యార్థులను ఉక్రెయిన్ నుంచి చేర్చుకుంది. ఎవరిని ఏ సెమిస్టరులో వేసుకోవాలన్న నిర్ణయం పూర్తిగా ఆ సంస్థల చేతిలో ఉండిపోయింది. చదివిందే మళ్లీ చదవడం అంటే కట్టిందే మళ్లీ కట్టడం. పరీక్ష నియమం ఫీజు నియమంగా మారేది ఈ మలుపు దగ్గరే.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి, తేలిగ్గా తీసేయలేం. 2022 సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు ఇచ్చిన ప్రమాణపత్రంలో, ఈ విద్యార్థులు విదేశాలకు వెళ్లింది నీట్‌లో తక్కువ ప్రతిభ వల్ల, ఖర్చు భరించలేకపోవడం వల్ల అని చెప్పింది. వాళ్లను ఇక్కడి కాలేజీల్లో చేర్చుకునే వీలు చట్టంలో లేదంది. చట్టం సంగతి నిజమే. ఇక్కడ మంచి ర్యాంకు వచ్చీ సీటు దొరకని పిల్లవాడిని దాటించి వీళ్లకు సీటివ్వడం అన్యాయం కూడా. అందుకే నేను సీటు అడగడం లేదు. ప్రతిభ మాట మాత్రం ఒప్పుకోలేను. 2018 నుంచి విదేశంలో వైద్యం చదవాలన్నా నీట్‌లో అర్హత పొందవలసిందే. వీళ్లు అర్హులు, వెనుకబడింది ర్యాంకులో. మరి 2023లో పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించింది ఈ ప్రభుత్వ వ్యవస్థే కదా. సీటు మిగిలినప్పుడు దిగగలిగిన గీత యుద్ధం వచ్చినప్పుడు మాత్రం రాతి గోడ అయిపోయింది. నేనైతే ఆ గీతను దించమని కూడా అనను. పరీక్ష పెట్టండి, కఠినంగానే పెట్టండి, పెట్టకుండా మాత్రం తీర్పు చెప్పకండి.

అమెరికాలో 1944 నాటి జీఐ బిల్లు ఇక్కడ పనికొచ్చే సాక్ష్యం. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడికి ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజును ప్రభుత్వమే కాలేజీకి నేరుగా కట్టింది, బతుకుతెరువుకు భత్యం వేరుగా ఇచ్చింది. షికాగో విశ్వవిద్యాలయాధిపతి హచిన్స్, హార్వర్డ్ అధ్యక్షుడు కోనంట్ ఇద్దరూ ప్రమాణాలు పడిపోతాయని భయపడ్డారు. దాదాపు 22 లక్షల మంది ఆ చట్టం కింద కాలేజీలకు వెళ్లారు. కొద్ది ఏళ్లకే కోనంట్, హార్వర్డ్ చూసిన విద్యార్థుల్లో అత్యంత పరిణతి కలవారు వీళ్లేనని ఒప్పుకున్నారు. యుద్ధం చూసి వచ్చిన విద్యార్థి చదువును ఆటగా తీసుకోడు. సైనికుడు వేరు, ఖార్కివ్ మెట్రో సొరంగంలో రాత్రుళ్లు గడిపిన మన వైద్య విద్యార్థి వేరు, నిజమే. అయినా మనం అడగవలసిన ప్రశ్న రెండుచోట్లా ఒకటే: నీకు తెలుసా, లేదా?

రోగి క్షేమం మరో అభ్యంతరం, అన్నిటికంటే బలమైనది. యుద్ధం వల్ల కంప్యూటరు తెర మీద పాఠాలు విన్నవాడి చేతికి రోగి నాడిని ఎలా అప్పగిస్తాం? అప్పగించకూడదు. మంచం పక్కన నిలబడకుండా వైద్యం రాదు. అందుకని క్లినికల్ శిక్షణను పొడిగించడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, ఎంత పొడిగించాలన్నది ముందు చెప్పకపోవడంలో. 2024 జూన్ నెల ఒక్కదానిలోనే జాతీయ వైద్య కమిషన్ ఈ ఆన్‌లైన్ చదువు గురించి రెండు ప్రకటనలు ఇచ్చింది. మొదటిది ఇంటర్న్‌షిప్ ఏళ్లు పెంచే దిశగా ఉంది. 19వ తేదీన వచ్చిన రెండోది, ప్రత్యక్ష తరగతులతో లోటు పూడ్చుకున్నవారికి ఒక్క ఏడాది చాలంది. పన్నెండు రోజుల్లో ఒక కుటుంబం లెక్క మారిపోయింది. విదేశీ పట్టభద్రులు రాసే ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 రావాలన్న గీత ఏళ్ల తరబడి స్థిరంగా ఉంది, దాని మీద ఎవరూ అన్యాయమని కేకలు వేయడం లేదు. గీత ఎత్తుగా ఉన్నా జనం భరిస్తారు. రాత్రికి రాత్రి జరిగే గీతను భరించలేరు.

ఇక ఫీజు. అందరూ పరీక్ష గురించి వాదించుకున్నారు గాని, దీని గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. తరగతి గది మూసేసి తెర మీద పాఠం చెప్పిన సెమిస్టరుకు కూడా ఫీజు కట్టవలసి వచ్చింది. యుద్ధంలో ఉన్న దేశపు ఆచార్యులకూ జీతాలు కావాలి కదా అని మీరంటే ఒప్పుకుంటాను. కానీ ఆ ఫీజులో ఆసుపత్రి వార్డుకు, ప్రయోగశాలకు, హాస్టలుకు చెందిన భాగం కూడా ఉంది. అందనిదానికి ధర కట్టించుకోవడానికి యుద్ధం సాకు కాకూడదు. మన దేశంలోనూ దీనికి మాదిరి నియమం లేదు. యూజీసీ 2018లో పెట్టిన ఫీజు వాపసు పట్టికలో ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందు మానుకుంటే పూర్తి వాపసు, ఆ తర్వాత 90 శాతం, 80, 50, గడువు దాటి 30 రోజులు మించితే సున్నా. రోజులు లెక్కపెట్టడం దానికి తెలుసు. విద్యార్థి తనంతట తాను మానుకోలేదు, చదువే అతని చేతిలోంచి తెగిపోయింది అన్న సందర్భం దానికి తెలియదు.

ఈ భారం ఎవరి మీద పడిందో చెప్పే అంకె ఒకటుంది. 2022 మార్చిలో కేంద్ర ఆర్థికమంత్రి లోక్‌సభకు ఇచ్చిన వివరం ప్రకారం ఉక్రెయిన్ చదువుల కోసం 21 బ్యాంకుల్లో బాకీ ఉన్న విద్యారుణాలు 1,319, మొత్తం 120 కోట్ల రూపాయలకు పైగా. వెళ్లినవారు 18 వేల పైచిలుకు, బ్యాంకు అప్పు 1,319 మందికి. మరి మిగతావాళ్ల డబ్బు ఎక్కడిది? చేను అమ్మినది, బంగారం కుదువ పెట్టినది, చీటీ పాడుకున్నది, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. బ్యాంకు అప్పుకైతే మారటోరియం అడగవచ్చు, చేతి అప్పుకు ఎవరిని అడుగుతారు? కాబట్టి రుణాల మీద ఊరట ప్రకటిస్తే చాలదు. ఫీజునే పాఠంతో ముడిపెట్టాలి. చెప్పిన పాఠానికి కట్టించుకోవాలి, చెప్పని పాఠం సొమ్ము మరుసటి సెమిస్టరుకో, విద్యార్థి చేరిన మరో సంస్థకో బదిలీ కావాలి. 2023 ఏర్పాటులో రెండేళ్ల ఇంటర్న్‌షిప్‌లో మొదటి ఏడాదికి స్టైపెండ్ లేదు. ఫీజు అనే పేరు లేకపోయినా, ఇరవై అయిదేళ్ల మనిషి చేత ఏడాదిపాటు ఉచితంగా పని చేయించుకోవడం కూడా వసూలే.

ఇలా రాసిపెడితే యుద్ధం పేరు చెప్పి ప్రతివాడూ మినహాయింపు అడుగుతాడని పరిపాలకులు అంటారు. అడగకుండా కట్టడి చేయడం కష్టం కాదు. విదేశాంగ శాఖ ఒక దేశం నుంచి పౌరులను ఖాళీ చేయమని అధికారికంగా ప్రకటించిన రోజు నుంచి నియమం దానంతటదే అమల్లోకి రావాలి. దరఖాస్తులు, సిఫారసులు, కోర్టు తలుపులు అక్కరలేదు. ఆరు వారాల్లోపు స్థాననిర్ణయ పరీక్ష జరగాలి, అది ప్రభుత్వ కళాశాలల్లో జరగాలి. మన ఆంధ్ర మెడికల్ కాలేజీకి 1923 నుంచి నూరేళ్ల అనుభవం ఉంది. ఉత్తరాంధ్ర పిల్లల పరీక్ష అక్కడ పెట్టడానికి కొత్త భవనం కట్టనవసరం లేదు.

ఈ వాదం మన పిల్లల కోసమే అయితే సగమే అవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చాలా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైనప్పుడు ఇక్కడ ఆఫ్ఘన్ విద్యార్థులున్నారు. కాబూల్‌లో బ్యాంకులు మూతపడ్డాయి, ఇళ్ల నుంచి డబ్బు వచ్చే దారి ఆగింది. వాళ్లకు మనం కాలేజీ, వాళ్లది యుద్ధదేశం. సమర్‌ఖండ్ నుంచి మనం ఏం కోరుకున్నామో, వాళ్లు మననుంచి అదే కోరుకుంటారు: ఫీజు గడువు, పరీక్ష తేదీ, ఆగిన చదువును ఆగినచోటి నుంచి అందుకునే హక్కు. ఇవి ఒక మంచి అధికారి దయగా కాక, నియమావళిలో ఒక అధ్యాయంగా ఉండాలి. విశ్వవిద్యాలయాల సెనేట్లకు, అకడమిక్ కౌన్సిళ్లకు ఆ అధ్యాయం రాసే అధికారం ఉంది. ఢిల్లీ నుంచి ఆదేశం రానక్కరలేదు. ఒకసారి తానే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ పని దేశంలో అందరికంటే ముందు చేయాలని కట్టమంచివారి పేరిట జరిగే ఈ సభ నుంచి కోరుతున్నాను.

2025 జూన్‌లో ఆపరేషన్ సింధు కింద ఇరాన్ నుంచి మళ్లీ భారతీయ వైద్య విద్యార్థులు విమానాల్లో దిగారు. 2023 నాటి పరీక్ష ఏర్పాటు ఒక్కసారికే అని రాసుకున్నది కాబట్టి అది వాళ్లకు వర్తించదు.